రాయికి పెట్టే కల్వం

ఆ పొద్దున ఆకాశం ఏ పనీ పెట్టుకోలేదు. మబ్బు లేదు, ఎండ లేదు. కడిగి తుడవకుండా వదిలేసిన గాజుపలకలా తెల్లటి పొర ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. గాజులాయన గేటు దగ్గర సైకిలు దిగి, తలెత్తి చూసి, చూపు దించుకున్నాడు. మరక కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. అంత ఎత్తుకి చెయ్యి అందదు కాబట్టి లోపలికి నడిచాడు.

గాజులాయన అంటే చేతిగాజులు అమ్మే మనిషి కాదు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో అలాగే అనుకుంటారు. ఒకావిడైతే చెయ్యి చాపి, తన కొలతకి ఎరుపువి ఉన్నాయా అని అడిగింది. ఆయన ఆ ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతాడు. సీసాలు, గొట్టాలు, గరాటులు, రాయి నూరే పింగాణీ కల్వాలు. ఆయన కడిగిన సీసాని వెలుగుకి ఎత్తి పడితే సీసా కనపడదు, వెనకున్న గోడ కనపడుతుంది.

ఆకాశం నుంచి పడ్డ రాళ్లని పిండి చేసి, నీళ్లలో మరగబెట్టి, ఆ నీళ్లలో ఏముందో చూడటం అక్కడి పని. బయటివాళ్లు వస్తే పెద్దసారు వాళ్లని మెషీన్ల గదికి కాకుండా ముందు గాజులాయన గదికే తెస్తాడు. "మా రాళ్ల మీద అనుమానం ఉంటే ముందు మా గాజు చూడండి" అంటాడు. వాళ్లు ఒక సీసా ఎత్తి చూస్తారు. గాజులాయన గోడకి ఆనుకుని చేతులు తుడుచుకుంటూ కిటికీలోంచి ఎటో చూస్తాడు. ఆ మాట వినపడనట్టు నిలబడటం ఆయనకి బాగా అలవాటైంది.

ఆ రోజు ఆయన ఇంకా చెప్పులు విడవకముందే పై గది అమ్మాయి వచ్చేసింది. ఆయన ఇంటి మేడ మీది గదిలో అద్దెకుంటుంది కాబట్టి ఇంట్లో ఆ పేరు. ఇక్కడ రాళ్ల మీద పరిశోధన చేస్తుంది. పక్కా ఉద్యోగం కాదు, ఏడాదికేడాది పొడిగిస్తూ పోతారు.

"బాబాయ్, తీశావా ఫర్నేసులోంచి?"

"ఇంకా చల్లారలేదు మేడమ్."

"మళ్లీ మేడమా? పొద్దున నా సాక్సులు తీగ మీద ఆరేసింది నువ్వే కదా."

"ఇంట్లో సంగతి ఇంట్లోది."

ఆమె నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేది. మెడలో ఉన్న గుర్తింపు కార్డుని అటూ ఇటూ తిప్పుతోంది. "ఇవాళే నూరతాను. సారు నిన్న మళ్లీ చెప్పారు. ఈ రాయి పలికితే ఉంటావు, లేకపోతే లేదు అని."

రాయి అంటే రాయి కూడా కాదు, వేలి గోరంత ముక్క. వేరే దేశపు మ్యూజియంవాళ్ల కాళ్లూ వేళ్లూ పట్టుకుంటే ఇచ్చారు. ఇంకోసారి ఇచ్చేది లేదని అప్పుడే చెప్పేశారు.

"పలుకుతుందిలే" అన్నాడు గాజులాయన. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. రాయి సంగతి ఆయనకేం తెలుసు.

ఆమె వెళ్లాక ఫర్నేసు తలుపు తెరిచాడు. అక్కడ కడగటంతో పని అయిపోదు. కడిగినదాన్ని పల్చటి వెండికాగితంలో చుట్టి ఫర్నేసులో ఎర్రగా కాలుస్తారు. అలా కాలిస్తే ప్రాణమున్నదాని తాలూకు జాడ ఏదీ మిగలదని లెక్క. చల్లారాక చుట్టు విప్పకుండా తీసి ఇవ్వాలి. లోపల రెండు కల్వాలున్నాయి. ఒకటి రాయికి, ఒకటి ఇసుకకి. రాయిని ఎలా నూరతారో కాల్చిన ఇసుకనీ అలాగే నూరి, అన్నీ అలాగే చేసి, మెషీనులో పెడతారు. ఇసుకలో ఏమైనా కనపడితే అది మన మురికి అని తెలిసిపోతుంది. రెండింట్లో మంచిదాన్ని గాజులాయన ఎప్పుడూ రాయికే పెడతాడు. ఇసుకదేముంది, ఉత్త ఇసుక.

పటకారుతో తీస్తుంటే రాయి కల్వానికి చుట్టిన కాగితం అంచు దగ్గర చిరిగింది. ఆ చిరుగులోంచి ఆయన కంటికి కల్వం లోపలి గోడ కనపడింది. దాని మీద బూడిదరంగు గీత. వెంట్రుక మందం ఉంటుంది, వేలంత పొడవు.

మసి ఉంటే ఉండనీ బాబాయ్, కాలిన మసి ఏం చెయ్యదు, ముట్టుకోవద్దు. అమ్మాయి చాలాసార్లు చెప్పింది. ఆయన ప్రతిసారీ తలూపాడు. ముట్టుకోవద్దన్నది మురికి చేతుల సంగతి అనుకున్నాడు. ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. గోళ్ల సందులు బ్రష్షుతో తోముకున్నాడు. చివరికి శుద్ధి చేసిన నీళ్లు వంపుకున్నాడు. గుడ్డతో తుడిస్తే నూగు అంటుతుందని చేతులు గాలికే ఆరనిచ్చాడు. గ్లౌజు వేసుకుంటే దాని పొడి పడుతుంది, దానికన్నా కడిగిన వేలు నయం. కాగితం విప్పి, బొటనవేలితో గీత మీద మెల్లగా, పసివాడి బుగ్గ మీద అన్నం మెతుకు తీసినట్టు, ఒక్కసారి రాశాడు. పోయింది. వెలుగుకి వంచి చూశాడు. తెల్లగా ఉంది. కొత్త కాగితం చుట్టాడు.

ఎంత దూరం నుంచో వచ్చిన రాయి. మసి గీత ఉన్న రోట్లో వేస్తామా?

తర్వాత అద్దం తలుపుకి ఇవతల నిలబడి చూశాడు. అమ్మాయి తెల్ల కోటు, మూతికి గుడ్డ, రెండు జతల గ్లౌజులు వేసుకుని కల్వం మీదకి వంగి నూరుతోంది. తన ఊపిరి దాని మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఊపిరి వదులుతోంది. నూరుతున్న చప్పుడు అద్దం దాటి రావటం లేదు. ఆమె భుజం కదలటం మాత్రం కనపడుతోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందుంది. ఆవిడ ఆ వీధికంతటికీ చొక్కాలు కుడుతుంది. అమ్మాయి మేడ దిగివచ్చి, బల్ల మీది బట్టలు ఒక పక్కకి జరిపి కూర్చుంది.

"జరపకే పిల్లా! చేతులు కలిసిపోతాయి."

"ఏ చేతులు పిన్నీ?"

"చొక్కా చేతులు. కుడివి ఇటు, ఎడమవి అటు పెట్టుకున్నా."

అమ్మాయి రెండు ముక్కలు తీసి ఒకదాని మీద ఒకటి పరిచింది. "రెండూ ఒకటేగా."

"ఒకటే కొలత. కానీ ముందువైపు చంక దగ్గర లోతు ఎక్కువ తియ్యాలి. కుడిదాన్ని తీసుకెళ్లి ఎడమకి కుట్టావనుకో, వేసుకున్నవాడు చెయ్యెత్తలేడు. తిరగేస్తే సరిపోతుందిగా అంటావేమో, తిరగేస్తే పువ్వులు లోపలికి పోతాయి."

అమ్మాయి ఆ ముక్కని తిరగేసి చూసింది. మళ్లీ తిరగేసింది. "పిన్నీ, నేనేం పని చేస్తానో నీకు చెప్పటానికి ఇన్నాళ్లుగా అవస్థపడుతున్నా. ఇదే."

"చొక్కాలా?"

"మన ఒళ్లు, చెట్టు, చీమ, రొట్టె మీది బూజు, అన్నీ చిన్న చిన్న ముక్కలు కలిపి కుట్టినవే. ఆ ముక్కల్లోనూ కుడివాటం, ఎడమవాటం ఉంటాయి. మేం గాజుసీసాలో తయారుచేస్తే కుడివి సగం, ఎడమవి సగం వస్తాయి. ప్రాణమున్నదాంట్లో మాత్రం అన్నీ ఎడమవే."

"అన్నీ ఎడమ చేతులే? అలా ఒకసారి నేనూ కత్తిరించాన్లే. తలనొప్పిగా ఉండి చూసుకోలేదు. బట్టంతా పాడు."

"అలా ఎవరు కత్తిరించారో, ఎక్కడ కత్తిరించారో, అది కనిపెట్టటం మా పని."

గాజులాయన కాళ్లు కడుక్కుని వచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. ఆయన ఈ మాటలు ప్రయోగశాలలో ముక్కలు ముక్కలుగా వినే ఉన్నాడు. ఇలా వరసగా వినటం ఇదే.

"ఇక్కడ, భూమ్మీద, ఏదో అలా జరిగిపోయిందని కొందరంటారు. ఇక్కడికి రాకముందే పైనే ఆ మొగ్గు ఉందని కొందరంటారు. కొత్తగా పుట్టే నక్షత్రాల దగ్గర వెలుగు మెలితిరిగి వస్తుందట. అది తగిలినప్పుడు కుడివి కాస్త ఎక్కువగా చెడిపోయి ఉండొచ్చట. కాస్తే. ఆ కాస్త మొగ్గుతో అవి రాళ్లలో చేరి భూమ్మీద పడి ఉంటే..."

"ఉంటే?"

"ఉంటే, మనం ఊరికే ఇలా లేము పిన్నీ. మన సూర్యుడు కూడా పుట్టకముందు ఏదో ఒక నక్షత్రం ఇటు చూసింది కాబట్టి ఇలా ఉన్నాం."

భార్య దారం కొరికి తెంపింది. "ఆ చూసేదేదో మీ బాబాయి వైపు ఒకసారి చూస్తే ఈపాటికి వంటింట్లో కుళాయి బాగయ్యేది."

"రేపు చేస్తానన్నాను కదా" అన్నాడు గాజులాయన.

"ఆ రేపుకి కూడా ఏదో నక్షత్రం అడ్డం ఉన్నట్టుంది."

అమ్మాయి అప్పుడు నవ్వింది. నవ్వి, చొక్కా చేతిని మోకాలి మీద పరిచి వేళ్లతో నున్నగా రాస్తూ చెప్పింది. "నేను చదువుకునే రోజుల్లో మా పెద్దసారు ఒక రాయిలో ఎడమవి ఎక్కువున్నాయని తేల్చారు. ఆ సంగతి మా పుస్తకంలో ఉండేది. మా ఊళ్లో బస్సు కోసం కూర్చుని అది చదివాను. బస్సు వెళ్లిపోయింది, నేను చూసుకోలేదు. ఆ రోజే అనుకున్నా, పనిచేస్తే ఆయన దగ్గరే పనిచెయ్యాలని."

"మరి ఆయన తేల్చేశాక ఇంకా నువ్వు తేల్చేదేంటి?"

"ఆయన చూసినవి మన ఒంట్లో కూడా ఉండే రకం. అది రాయిది కాదు, మీ చేతి మురికి అన్నారు కొందరు. సారు ఒప్పుకోలేదు, మా గాజు వచ్చి చూసుకోండి అన్నారు. వచ్చి బాబాయి గాజు చూశాక వాళ్ల నోళ్లు మూతపడ్డాయి." ఆమె గుమ్మం వైపు చూసింది. గాజులాయన చెప్పులు సరిగ్గా పెట్టుకుంటున్నాడు. "ఇప్పుడు నేను వెతికేది మన ఒంట్లో లేని రకం. భూమ్మీద దాదాపు ఎవరి ఒంట్లోనూ ఉండదు. దాంట్లో కూడా ఎడమ మొగ్గు కనపడిందనుకో, ఇక ఎవరూ ఏమీ అనలేరు. పైనించి వచ్చిందే."

మెషీను పని తెమలటానికి మర్నాడంతా పట్టింది. గాజులాయన సీసాలు కడిగి, కొయ్య మేకులకి తలకిందులుగా తగిలించి, ఆరినవి దించి, కడగాల్సినవి కడుగుతూ ఉన్నాడు. సామాన్ల గది చూసే మనిషిని అక్కడ అందరూ బావా అంటారు, ఆయన కూడా అందరినీ బావా అనే అంటాడు, పెద్దసారుని తప్ప. ఆ బావ ఖాళీ డబ్బా ఒకటి పట్టుకుని వచ్చి తలుపు చేరేసి చెప్పాడు.

"రాయి నోరు విప్పిందట బావా."

గాజులాయన చెయ్యి ఆగింది. "ఏమందట?"

"అనేదేముంది. మన భాషే మాట్లాడిందట." బావ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "అంతా భూమ్మీది సరుకేనంట. ఎవడి చెయ్యో తగిలింది. సారు మొహం చూసి నేను ఇటొచ్చేశా. అందరినీ మెషీన్ల గదికి రమ్మంటున్నాడు. కడిగినవేమైనా ఉంటే పట్టుకుని రా, చేతిలో ఏదైనా ఉంటే తిట్లు కాస్త తక్కువ తగులుతాయి."

గాజులాయన నిజంగానే ట్రే పట్టుకుని వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తెర మీద గీత ఒకటి గుట్టలు గుట్టలుగా లేచి ఉంది. పెద్దసారు అరవటం లేదు. ఆయన అరవకపోతేనే భయం.

"ఇది ఇసుకది." పక్కనున్న రెండో తెర మీద గీత చదునుగా, నిద్రపోతున్నట్టు ఉంది. "ఇది రాయిది. రెండు కల్వాలూ ఒకే ఫర్నేసులో కాలాయి. నీళ్లు ఒకటే, మెషీను ఒకటే. ఇసుక శుభ్రంగా ఉంది. రాయిలో ఇంతున్నాయి, అన్నీ ఎడమవే. అన్నిటికన్నా ఎత్తుగా లేచింది చూడండి, మనిషి చెమటలో ఎక్కువగా ఉండేది. మనం వెతుకుతున్నది ఈ గుట్ట కింద ఎక్కడో పడిపోయింది. ఇక దొరకదు. రాయి కూడా ఇక లేదు."

అమ్మాయి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "నేను గ్లౌజులు తియ్యలేదు సార్."

"మరి?"

"తెలీదు సార్. ఒకవేళ ఎక్కడైనా చిల్లు పడిందేమో..."

"చిల్లు అక్కర్లేదమ్మా. సబ్బుతో కడిగిన వేలైనా సరే, ఒక్కసారి తాకితే చాలు, ఈ రాయి మొత్తంలో ఉన్నదానికన్నా ఎక్కువ అంటుకుంటుంది. ఇది నీకు నేను చెప్పాలా?"

గాజులాయన చేతుల్లో ట్రే గలగలమంది. గొట్టాలు ఒకదానికొకటి తగిలాయి. అందరూ ఇటు చూశారు. పెద్దసారు కూడా చూశాడు, చూసి మళ్లీ అమ్మాయి వైపు తిరిగాడు.

"గాజు మీద నాకు అనుమానం లేదు. అది ఎవరి పనో నాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. కల్వం నీ చేతికి వచ్చాకే ఏదో జరిగింది." తెరలు ఆర్పేశాడు. "మ్యూజియంవాళ్లకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. సోమవారం నుంచి నువ్వు రావద్దు."

గాజులాయన నోరు తెరిచాడు. ఈలోపు జనం కదిలారు. బావ ఆయన చేతిలోంచి ట్రే తీసుకుని, "పద బావా, పద" అంటూ నడిపించాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్యకి సంగతంతా తెలిసిపోయింది. మేడమెట్ల మీద కూర్చుని పెద్దసారుని కడిగి ఆరేస్తోంది. "చిల్లట, చెమటట! చేతులకి రెండేసి జతల గ్లౌజులు తొడుక్కుని ఆ పిల్ల ఉడికిపోతుంటే చెమట పట్టదా? పైగా ఆ ఏసీ గదిలో కూర్చునేవాడికి చెమటంటే ఏంటో తెలుసా? నేను వెళ్లి అడుగుతా."

"వద్దు పిన్నీ." అమ్మాయి పైనించి పుస్తకాలు దింపుతోంది. గొంతు మామూలుగానే ఉంది. "నా ఉద్యోగం పోతే పోయింది. ఏదో ఒక బళ్లో పాఠాలు చెప్పుకుంటా. పాత రాయి ఫలితం ఉంది కదా. అది సారు తేల్చేశారు. నేను చెయ్యలేనిది ఇంకెవరో ఎప్పుడో చేస్తారు. సంగతి మాత్రం నిజం. అది ఎక్కడికీ పోదు." ఆమె పుస్తకాల దొంతర గోడవారన పెట్టి, పైదాని మీద దుమ్ము ఊదింది. "నా చేతుల్నే నమ్మలేకుండా ఉన్నా పిన్నీ. ఎక్కడ తగిలిందో ఎంత ఆలోచించినా గుర్తు రావటం లేదు."

గాజులాయన పెరట్లోకి వెళ్లాడు. అక్కడ చెయ్యాల్సిన పనేం లేదు. బకెట్టు బోర్లించి, మళ్లీ మామూలుగా పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గది తలుపు తట్టాడు. ఇన్నేళ్లలో ఆ గదికి టీ గ్లాసుల కోసం వచ్చాడు తప్ప మాట చెప్పటానికి ఎప్పుడూ రాలేదు. గోడ మీద చట్రం కట్టిన ఫోటో ఉంది. పాత రాయిది, పిండి చెయ్యకముందు తీసింది. కాలిన బంగాళాదుంపలా ఉంటుంది.

"ఏంటి పెద్దాయనా?"

"ఆ కల్వం నేను తుడిచాను సార్."

"ఏ కల్వం?"

"రాయికి పెట్టింది. ఫర్నేసులోంచి తీశాక. కాగితం విప్పి, ఈ వేలితో. చెయ్యి కడుక్కునే సార్."

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్ల ఇలా చెప్పమందా?"

"ఆ పిల్లకి తెలీదు సార్."

"ఎందుకు తుడిచావు?"

"మసి గీత ఉంది సార్."

తిట్లకి సిద్ధపడి వచ్చాడు గాజులాయన. కొడితే పడటానికి కూడా సిద్ధపడ్డాడు. పెద్దసారు మాత్రం ఆయన బొటనవేలి వైపు చూసి, "మసి గీత" అన్నాడు. తలుపుకి అవతల ఎవరో నడిచి వెళ్లారు. పెద్దసారు ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "నీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అమ్మాయిని పిలుద్దాం. పాపం అనవసరంగా..." ఫోను ఎత్తాడు.

గాజులాయన గుండెలో ఏదో సడలింది. ఉద్యోగం పోతే భార్య కుట్టుమిషను ఉంది, ఎలాగో గడుస్తుంది అని రాత్రే అనుకున్నాడు. ఆ అమ్మాయి మళ్లీ తెల్ల కోటు వేసుకుంటే చాలు.

పెద్దసారు వేలు నంబరు మీద ఆగింది. "ఇసుక కల్వం కూడా తుడిచావా?"

"లేదు సార్. ఇసుకకెందుకు? రాయిదైతేనే..."

"రాయికి పెట్టేదైతేనే తుడుస్తావు."

"మసి కనపడితేనే సార్. అన్నిసార్లూ కనపడదు."

"ఎప్పటినుంచి?"

గాజులాయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పని ఎప్పటినుంచి చేస్తున్నాడో అప్పటినుంచే. అదే చెప్పాడు.

పెద్దసారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాడు. అందులో కూత ఒకటే మోగుతోంది. ఆయన గోడ మీది ఫోటో వైపు చూడలేదు, గడ్డంతో చూపించాడు. "దానికి?"

గుర్తు లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ గాజులాయనకి గుర్తుంది. అప్పుడు కల్వాలు కొత్తవి. మొదటిసారి కాల్చినప్పుడు అడుగున టీ కప్పు మరకలా గుండ్రటి చార వచ్చింది. ఎంత రాసినా ఒక పట్టాన వదల్లేదు. వేలు నొప్పిపుట్టేదాకా తుడిచాడు. ఆ తర్వాత రాయి గురించి పత్రికలవాళ్లు వచ్చినప్పుడు, తను తోమిన కల్వంలోనే నూరారు కదా అని ఇంటికెళ్లి భార్యకి కూడా చెప్పుకున్నాడు.

"తుడిచాను సార్" అన్నాడు.

పెద్దసారు ఫోను పెట్టేశాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. కళ్లజోడు తీసుకున్నాడు కానీ పెట్టుకోలేదు. కిటికీ అవతల తోటమాలి గొట్టంతో నీళ్లు పడుతున్నాడు. ఆ నీళ్లు అద్దం మీద చిందాయి, కిందికి జారాయి.

"ఆ రాయి కొంచెం కూడా మిగల్లేదు" అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "మళ్లీ చూసుకుందామన్నా లేదు."

"సార్, మరి అమ్మాయి..."

"ఏ అమ్మాయి?" ఆయన తలెత్తాడు. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "చిన్నపిల్ల. ఎక్కడో ఒకచోట బతుకుతుంది. ఆ పాత రాయి మీద ఎంతమంది చదువులు కట్టుకున్నారో నీకు తెలుసా? ఎన్ని దేశాల్లో?" కళ్లజోడు పెట్టుకున్నాడు. "నువ్వు ఇవాళ నా గదికి రాలేదు. నాకేం చెప్పలేదు."

"చెప్పాను కదా సార్."

"వెళ్లు. వెళ్లి సీసాలు కడుక్కో." గాజులాయన తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి మళ్లీ అన్నాడు, చాలా మెల్లగా. "ఇకమీదట తుడవకు."

ఆయన సీసాలు కడగలేదు. సైకిలు ఎక్కలేదు కూడా, నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. అమ్మాయి సాయంత్రం బస్సుకి వెళ్తోంది. మేడ మీద మెట్ల చివర కూర్చుని పెట్టెకి తాడు కడుతోంది. ఆయన కింద మెట్టు మీద ఆగాడు.

"అది నీ చెయ్యి కాదమ్మాయ్. నాది."

ఆమె తాడు చివర పళ్లతో పట్టుకుని ఉంది. తీసేసింది. ఆయన చెప్పాడు. చిరిగిన కాగితం, గీత, సబ్బు, బొటనవేలు. ఎక్కువ మాటలు పట్టలేదు. ఆమె విని, తన రెండు చేతులూ చాపి, అరచేతులు తిప్పి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను కాదు" అంది. "బాబాయ్, నేను కాదు! నిన్నటినుంచి నాకు పిచ్చెక్కిపోతోంది. ఎన్నిసార్లు చెప్పాను ముట్టుకోవద్దని? ఏం మనిషివి నువ్వు!" తిడుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే మొహం తేటపడుతోంది. "సారుకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నేను రాలేదన్నాడు."

"అంటే?"

ఆయన మెట్ల కమ్మీ మీద చెయ్యి వేశాడు. పెయింటు పెచ్చు ఒకటి లేచి ఉంది, దాన్ని గోటితో నొక్కి అతికించబోయాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. ఇక్కడితో ఆపితే ఆపొచ్చు. ఆ పిల్ల మొహంలో అప్పుడే కాస్త రక్తం కనపడుతోంది.

"ఎప్పటినుంచి తుడుస్తున్నావని అడిగాడు."

ఆమె ఆయన వైపు చూసింది. ఆమెకి ఎక్కువ చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. ముక్క చూపిస్తే మొత్తం పట్టుకుంటుంది. ఇప్పుడూ పట్టుకుంది. పట్టుకుంటూ ఉండగా ఆయన చూశాడు. నుదురు మొదట, తర్వాత కళ్లు, తర్వాత నోరు.

"పాత రాయికి కూడానా బాబాయ్?"

ఆయన తలూపాడు.

ఆమె తాడు తీసుకుని ముడి వేసింది. ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్లీ వేసింది. మళ్లీ విప్పింది. చివరికి వదిలేసి, తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"అన్నానికి రండి!" కిందనుంచి భార్య పిలిచింది. "పిల్లా, ఖాళీ కడుపుతో బస్సెక్కితే నేనూరుకోను. ఏమయ్యో, నువ్వేంటి ఈ వేళప్పుడు ఇంటికొచ్చావు? సరే, వచ్చావుగా, కూర్చో."

ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. భార్య కోడిగుడ్లు ఉడకబెట్టింది, దారిలో తినటానికి కొన్ని విడిగా మూటకట్టింది. అన్నం వడ్డిస్తూ ఏదో అనబోయి ఆయన మొహం చూసింది. తర్వాత అమ్మాయి మొహం చూసింది. గరిటె గిన్నెలో పెట్టి తనూ కూర్చుంది.

అమ్మాయి కలుపుకుని తింది. భార్య ఇంకొంచెం వడ్డించింది. వద్దనలేదు, అది కూడా తింది. ఆయన కంచంలో కూర అయిపోయింది, ఉత్త అన్నమే తింటున్నాడు. భార్య చూసి తన కంచంలోంచి తీసి ఆయన కంచంలో వేసింది. ఎండ కిటికీలోంచి నేల మీద పడి, మెల్లగా గోడ వైపు జరిగింది.